నాలుగు గీతల స్విచ్చు

6, సోమవారం

మామయ్యగారి కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు తియ్యకూడదట. "ఈ వయసులో పడవలో గంతులేమిటండీ" అన్నాడట డాక్టరు. ఇంటికి వచ్చాక ఆ డాక్టర్ని అరగంట తిట్టారు. తిట్టారంటే బాగానే ఉన్నారన్నమాట.

గంతులు కావు. నిన్న పొద్దున తండ్రీ కూతుళ్ళు పడవ తీశారు. ఇంజను మూలిగి మూలిగి అందుకుంది. పది నిమిషాలు నడిపి, సరస్సు అవతలి వైపు ఆపి, గాలాలు వేసుకుని కూర్చున్నారు. మా ఆడపడుచు రేడియో పెట్టింది. పిచ్చుక అని ఊరికే పిలవం తనని. తను మాట్లాడకపోతే పక్కన ఇంకేదైనా మాట్లాడుతుండాలి. గంట తర్వాత తాళం తిప్పితే ఇంజను 'టక్' అంది, అంతే. రెండు బ్యాటరీలూ ఖాళీ. ఈలోగా గాలి లేచింది. పడవ రాళ్ళ మీదికి పోతుంటే మామయ్యగారు తెడ్డు అడ్డం పెట్టబోయి పడ్డారు. నాలుగు గంటలు ఎండలో పడి ఉన్నాక చేపల పడవ వాళ్ళెవరో చూసి, తాడు కట్టి లాక్కొచ్చారు.

ఒక బ్యాటరీ ఇంజను స్టార్టు చెయ్యడానికి, రెండోది దీపాలకీ రేడియోకీ. రెంటికీ కలిపి నాలుగు గీతల గుండ్రటి స్విచ్చు ఒకటి. ఆఫ్, ఒకటి, రెండు, రెండూ. 'రెండూ' మీద పెడితే రెండు బ్యాటరీలూ కలిసిపోతాయి, ఏది వాడినా రెండూ ఖర్చవుతాయి. నిన్న అది 'రెండూ' మీద ఉంది.

"నేను వెళ్ళేసరికే అలా ఉంది నాన్నా. నువ్వు తిప్పావనుకున్నాను" అంది పిచ్చుక.

"నేను ముట్టుకోలేదు. అంటే బుధవారం నువ్వు దిగినప్పట్నుంచీ అలాగే ఉంది. మరి ఇంటికొచ్చి ఆఫ్ అన్నావే?"

ఈ ఇంట్లో రూలు అది. ముప్పై ఏళ్ళు టగ్గు పడవల్లో ఇంజన్లు చూసిన మనిషి పెట్టిన రూలు. పడవ నుంచి వచ్చినవాళ్ళు తాళంచెవి మేకుకి తగిలించి, గట్టిగా 'ఆఫ్' అనాలి. ఇంట్లో ఎవరుంటే వాళ్ళు 'విన్నాను' అనాలి. కాపురానికి వచ్చిన కొత్తలో ఇదేం పిచ్చి అనుకున్నాను. బుధవారం పిచ్చుక 'ఆఫ్' అంది. 'విన్నాను' అన్నది నేనే.

"నోటితో అంది. చేత్తో చెయ్యలేదు" అని తేల్చేశారు మామయ్యగారు.

నిన్న సాయంత్రమే నేను వెళ్ళి పడవ చూసి వచ్చాను. మోటార్ల వైండింగ్ షాపులో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న కోడలు ఇంట్లో ఉంటే, కాలింగ్ బెల్లు మూగబోయినా ఆమెనే పిలుస్తారు. కేబిన్లో మూల దీపం మీట వేసి ఉంది. తీసేశాను. వైర్లన్నీ బాగానే ఉన్నాయి.

7, మంగళవారం

మొన్న గురువారం నేను పడవ దగ్గరికి వెళ్ళింది పరుపులు ఎండబెట్టడానికి.

సాయంత్రం ఆరింటికి ఏం ఎండ అని ఎవరైనా అడగొచ్చు. ఎవరూ అడగలేదు. నేను వెళ్ళినట్టు ఎవరికీ తెలియదు.

8, బుధవారం

మామయ్యగారు మేకు మీది తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. పిచ్చుక గంటల పుస్తకంలో ఇక సంతకం పెట్టనన్నారు.

ముప్పయ్యో తారీఖున ఆ పిల్లకి సరంగు పరీక్ష. నలభై గంటలు పడవ నడిపినట్టు పుస్తకంలో ఉండాలి. ముప్పై ఒకటయ్యాయి. పరీక్ష గట్టెక్కితే, సరస్సులో జనాన్ని తిప్పే పెద్ద పడవ మీద ఉద్యోగం ఇస్తామన్నారు. కాపురం వదిలేసి పుట్టింటికి వచ్చాక ఏడాది పాటు గోడల వంక చూస్తూ కూర్చున్న మనిషి, ఆ మాట విన్న రోజున ఇల్లంతా తిరుగుతూ మాట్లాడింది.

"ఒక్క స్విచ్చు గుర్తుపెట్టుకోలేనిది నలభై మందిని ఎక్కించుకుని ఏం నడుపుతుంది?" అన్నారు మామయ్యగారు, తను వింటుండగానే.

మా ఆయనకి ఇంట్లో గొడవలు గిట్టవు. కళ్ళద్దాల షాపులో రోజంతా అద్దాలు అరగదీసి వస్తారు. ఇంటికొచ్చి మాటల్నీ అలాగే అరగదీస్తారు. "స్విచ్చే మార్చేస్తే పోలా నాన్నా? ఎవరు మర్చిపోయినా కొంప మునగనిది పెట్టిద్దాం. ఇంజనీరు ఇంట్లోనే ఉందిగా" అని నా వంక చూశారు.

నేను ఇంజనీర్ని కాను. అయినా ఆయన మాట పూర్తి కాకముందే సరేనన్నాను.

9, గురువారం

షాపులో భోజనాల వేళ కాగితం మీద గీసుకున్నాను.

ఇదే స్విచ్చు కొత్తది కొనడం దండగ. మనిషి బుర్ర సరిగ్గా పనిచేస్తేనే అదీ పనిచేస్తుంది. పైగా ఇంజను నడుస్తుండగా పొరపాటున 'ఆఫ్' దాకా తిప్పితే చార్జింగు డైనమో కాలిపోతుంది.

బ్యాటరీకో స్విచ్చు విడివిడిగా పెట్టి, అవసరానికి రెంటినీ కలిపే మీట ఇంకోటి పెట్టొచ్చు. శుభ్రంగా ఉంటుంది. కానీ మూడు మీటలంటే మూడు మరుపులు.

ఇంకోటుంది. ఒకే పిడి. తిప్పితే రెండు బ్యాటరీలూ పనిలోకి వస్తాయి గానీ కలవవు, దేని పని దానిదే. ఇంజను నడుస్తున్నంతసేపూ ఒక చిన్న పెట్టె రెంటినీ కలిపి చార్జి చేస్తుంది, ఇంజను ఆగగానే విడదీస్తుంది. ఎవరైనా దీపం వేసి మర్చిపోయి మూడు రోజులు పట్టించుకోకపోయినా, దీపం బ్యాటరీ ఒక్కటే చస్తుంది. స్టార్టు బ్యాటరీ నిండుగా ఉంటుంది. ఇంటికి రావచ్చు.

'దీపం' అని రాశాను. 'రేడియో' అని రాయాలి.

తప్పు స్విచ్చుది. పాతకాలం స్విచ్చు. అలాంటిది పెట్టుకుంటే ఎవరైనా మర్చిపోతారు.

11, శనివారం

పడవ సామాన్ల షాపుకి వెళ్ళాను. కౌంటరు వెనక ముసలాయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని నా బొమ్మలు చూశాడు.

"ఇవన్నీ మంచివేనమ్మా. ఎవరు వాడతారో చెప్పండి, ఏది కావాలో నేను చెప్తాను."

"ఇంట్లోవాళ్ళం."

"అది కాదు. ప్రతి పడవకీ ఓ మతిమరుపు మనిషి ఉంటారు. మీ పడవకి ఎవరు?"

"మా ఆడపడుచు" అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఆయన నవ్వి, "అయితే ఈ ఒంటి పిడిదే తీసుకోండి" అన్నాడు. నీళ్ళు తోడే పంపు వైరు మాత్రం స్విచ్చుకి కలపొద్దనీ, నేరుగా బ్యాటరీకి ఇవ్వమనీ చెప్పాడు. అన్నీ ఆపేసి మనం ఇంట్లో ఉన్నా, పడవలోకి నీళ్ళొస్తే అది తనంతట తను తోడుకోవాలట. మంచి సలహా. సంచీ పట్టుకుని బయటికి వచ్చి, అక్కడే బస్సు ఎక్కాల్సినదాన్ని, రెండు స్టాపులు నడిచాను.

12, ఆదివారం

పిచ్చుక భోజనాల దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు. గోడ గడియారం చప్పుడు వినిపించింది. మా గడియారం చప్పుడు చేస్తుందని నాకు ఇవాళే తెలిసింది.

14, మంగళవారం

పాత స్విచ్చు తీసెయ్యడం మామయ్యగారికి ఇష్టం లేదు.

"అదేం పాపం చేసింది అమ్మాయ్? ఇరవై రెండేళ్ళు నోరెత్తకుండా పనిచేసింది."

"మనిషన్నాక మర్చిపోతాం కదా మామయ్యా. మర్చిపోయినా ఇంటికి చేర్చేది ఉంటే మంచిదేగా?"

"మర్చిపోతే నేనేం అనను. టగ్గులో నేనూ మర్చిపోయాను. ఓసారి ఆయిలు మూత బిగించకుండా ఇంజను వేశాను. నేనేనని చెప్పాను, తిట్లు తిన్నాను, అయిపోయింది. ఇది ఆఫ్ అని చెప్పింది చూడు, నాకు అక్కడ కాలింది. చెయ్యనిది చేశానని చెప్పే మనిషిని నీళ్ళ మీద ఎలా నమ్మను?"

నా చేతిలో ఆయన కాఫీ ఉంది. ఇవ్వాలన్న సంగతే తోచలేదు. "ఇటివ్వవే, చల్లారిపోతోంది" అన్నారు. ఎడమ చేత్తో తాగడం ఇంకా అలవాటు కాలేదు. చొక్కా మీద ఒలకబోసుకున్నారు. తుడుస్తుంటే జేబులో తాళంచెవి నా వేళ్ళకి తగిలింది.

16, గురువారం

ఇవాళ రాయాలి. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను?

వెనక గది నాది. నాది కాదు, అందరిదీ. కుట్టుమిషనూ, కుర్చీ, కిటికీ ఉన్న చిన్న గది. షాపు నుంచి వచ్చాక ఓ గంట తలుపు వేసుకుని కూర్చునేదాన్ని. ఏమీ చేసేదాన్ని కాదు. పిచ్చుక పెట్టె పట్టుకుని వచ్చిన రోజున, ఎవరూ అడక్కముందే ఆ గది ఖాళీ చేసి ఇచ్చాను. సంతోషంగానే ఇచ్చాను. అందరూ మెచ్చుకున్నారు కూడా.

సంతోషంగానే ఇచ్చాను.

రెండు నెలల తర్వాత, కూరగాయలకని చెప్పి, తాళంచెవి సంచీలో వేసుకుని మొదటిసారి పడవ దగ్గరికి వెళ్ళాను. అక్కడ 'అమ్మాయ్' లేదు, 'వదినా' లేదు, 'ఏమోయ్' లేదు. నీళ్ళు పడవకి తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పట్నుంచీ గురువారాలు వెళ్తున్నాను. దొంగతనం ఏమీ కాదు. కానీ చెప్పాలంటే గది సంగతి చెప్పాలి. గది సంగతి చెబితే, కాపురం పోయి వచ్చిన పిల్లకి ఓ గది ఇచ్చి లోపల్లోపల ఏడ్చిన మనిషినని చెప్పాలి.

ఆ గురువారం నేను వెళ్ళేసరికి స్విచ్చు ఆఫ్ మీదే ఉంది. 'రెండు' మీద పెడితే మూల దీపం గుడ్డిగా వెలుగుతోందని 'రెండూ' మీదికి తిప్పాను. చీకటి పడుతోందని హడావిడిగా లేచాను. దీపం ఆర్పలేదు, స్విచ్చు తిప్పలేదు. ఇంటికొచ్చి చప్పుడు కాకుండా తాళంచెవి తగిలించాను. దొంగచాటుగా వచ్చినదాన్ని 'ఆఫ్' అని అరవను కదా. ఆ మాట అనాల్సి వచ్చినప్పుడే, చెయ్యి ఆ పని చేసిందా లేదా అని మనసు వెతుక్కుంటుంది. మామయ్యగారి పిచ్చికి అర్థం ఇన్నేళ్ళకి తెలిసింది.

ఇవాళ సాయంత్రం వరండాలో కొత్త స్విచ్చుకి వైర్లు కొలిచి కోస్తుంటే పిచ్చుక వచ్చి పక్కన కూర్చుంది.

"నువ్వొక్కదానివే వదినా, నన్ను ఒక్క మాట అనలేదు."

నేను తల ఎత్తలేదు.

"మొదట్లో ఆఫ్ చేశాననే అనుకున్నాను. ఒట్టేసి చెప్పేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తుంటే గుర్తొస్తోంది. దిగేటప్పుడు ఫోను మోగింది. చెయ్యి స్విచ్చు మీదే ఉంది. ఫోను తీశాను, తిప్పడం మర్చిపోయాను. కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది వదినా."

"ఫోను నిజంగా మోగిందా?"

"మోగే ఉంటుంది." వైరు ముక్క ఒకటి తీసి వేలికి చుట్టుకుంది. "అతనూ అదే అనేవాడు కదా, నీకు చేసిందేదో చెయ్యనిదేదో తెలియదని. అబద్ధం అనుకుని వచ్చేశాను. నిజమేనేమో. పరీక్షకి పేరు తీయించేసుకుంటా."

అప్పుడే చెప్పాల్సింది. వైరు కొలత తప్పి జానెడు పొట్టిగా కోశాను. అది చూసి తనే నవ్వి, "నీక్కూడా నా గాలి సోకింది" అంది.

18, శనివారం

బిగించడం అయింది. పంపు వైరు నేరుగా బ్యాటరీకి ఇచ్చాను. పిడి నున్నగా తిరుగుతోంది. రేపు అందరికీ చూపిస్తాను. చూశాక మామయ్యగారు మెత్తబడతారు, తాళంచెవి ఇచ్చేస్తారు. ఇక ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని ఉండదు.

19, ఆదివారం

చెప్పేశాను.

వరసగా రాస్తాను. నలుగురం రేవుకి వెళ్ళాం. నిన్న సాయంత్రం నుంచి కావాలనే మూల దీపం వేసి ఉంచాను. పొద్దునకి అది ఆరిపోతున్నట్టుంది. "చూడండి, దీపం బ్యాటరీ దాదాపు అయిపోయింది" అని, మామయ్యగారి దగ్గర తాళంచెవి తీసుకుని తిప్పాను. ఇంజను ఒక్క పెట్టున అందుకుంది. మా ఆయన చప్పట్లు కొట్టారు. పిచ్చుక పడవ ఎక్కలేదు, రేవు మీదే నిలబడి చూసింది.

"ఇక ఎవరు మర్చిపోయినా ఫరవాలేదు మామయ్యా. తాళంచెవి పిచ్చుకకి ఇచ్చెయ్యండి."

ఆయన వంగి, ఎడమ చేత్తో పిడి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "బాగా చేశావు అమ్మాయ్. స్విచ్చు మారింది. మనిషి మారిందా?"

"నాన్న అన్నది నిజమే వదినా. వదిలెయ్" అంది పిచ్చుక. "రేపు వెళ్ళి పేరు కొట్టించుకుని వస్తాను." ఎవరి మీదా కోపం లేకుండా అంది. కోపంగా అని ఉంటే నేను ఇంకో నాలుగు రోజులు లాగించేదాన్నేమో.

"దీపం వేసింది నేను" అన్నాను. ఇంజను చప్పుడులో ఎవరికీ వినపడలేదు. ఇంజను ఆపి మళ్ళీ చెప్పాను. గురువారం సంగతి, కూరగాయల సంచీ, 'రెండూ', ఆదివారం సాయంత్రం వచ్చి మీట తీసేసి నోరు మూసుకున్న సంగతి, అన్నీ. గది సంగతి కూడా చెప్పాను. ఏడవకూడదనుకున్నాను, కానీ ఏడ్చాను.

మా ఆయన నోరు తెరిచి మూశారు. మొదటిసారి ఆయనకి అరగదీయడానికి మాట దొరకలేదు.

మామయ్యగారు నా వంక చూడలేదు. ఇంజను దగ్గర తాళంచెవి తీసుకుని, కూతురి దగ్గరికి నడిచి వెళ్ళి తన చేతిలో పెట్టారు. "నిన్ను అబద్ధాలకోరన్నాను తల్లీ. నాదే తప్పు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "మర్చిపోవడం ఎవరికైనా ఉంటుంది. మీట తీసేశావు చూడు..." అని ఆగి, ఆ మాట పూర్తి చెయ్యకుండానే మెట్లెక్కి వెళ్ళిపోయారు. పూర్తి చేసి ఉంటే బాగుండేది.

పిచ్చుక తాళంచెవి వంకే చూస్తోంది.

"అయితే ఆ రోజు ఫోను మోగలేదా?"

"లేదమ్మా. నువ్వు ఆఫ్ చేశావు. చేసే చెప్పావు."

"నాకు కనిపించింది వదినా. నా చెయ్యి, ఫోను, అన్నీ కనిపించాయి. చెయ్యని తప్పు చేసినట్టు నాకు జ్ఞాపకం కూడా వచ్చేసింది. దాన్నిప్పుడు ఏం చేసుకోను?"

నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

"గది కావాలంటే అడిగి ఉండాల్సింది" అని వెళ్ళిపోయింది.

22, బుధవారం

రోజూ పొద్దున తండ్రీ కూతుళ్ళు పడవ మీద పోతున్నారు. ఆయన కట్టు చేత్తో పక్కన కూర్చుంటారు, తను నడుపుతుంది. తిరిగొచ్చి తాళంచెవి తగిలించి 'ఆఫ్' అంటుంది. ఆయన 'విన్నాను' అంటారు, మునుపటి కంటే గట్టిగా.

నాతో మాట్లాడదు. ఏదైనా కావాలంటే వాళ్ళన్నయ్యని అడుగుతుంది. 'వదినా' అన్న పిలుపు విని మూడు రోజులైంది. అది వినపడకూడదనే కదా గురువారాలు పారిపోయేదాన్ని.

24, శుక్రవారం

పడవ సామాన్ల షాపుకి వెళ్ళి, మా పడవకి మతిమరుపు మనిషి మా ఆడపడుచు కాదు, నేనని చెప్పాను. ముసలాయనకి నేనెవరో గుర్తు రాలేదు. "ఫరవాలేదమ్మా, ఎవరైనా స్విచ్చు అదే" అన్నాడు.

27, సోమవారం

నలభై గంటలు పూర్తయ్యాయి. మామయ్యగారు ఎడమ చేత్తో సంతకం పెట్టారు. కోడి గీకినట్టుంది. చెల్లుతుందో లేదోనని మా ఆయన బెంగ. "చెల్లకపోతే నేనే వచ్చి చెప్తాను ఆ ఆఫీసరుకి" అన్నారు మామయ్యగారు. ఆ ఆఫీసరు తలరాత ఎలా ఉందో.

వెనక గది ముందు నుంచి వెళ్తుంటే లోపల కుట్టుమిషను మీద గుడ్డ తీసి ఉంది. కుర్చీ కిటికీ వైపు తిప్పి ఉంది. తలుపు తెరిచే ఉంది. నేను లోపలికి వెళ్ళలేదు. ఇంకా పిలవలేదు కదా.

30, గురువారం

పొద్దున పరీక్ష అయింది. ఫలితం వచ్చే వారం. బాగా చేశానని వాళ్ళన్నయ్యతో చెబుతుంటే వంటింట్లోంచి విన్నాను.

సాయంత్రం షాపు నుంచి వచ్చాను. తాళంచెవి మేకుకి ఉంది. కూరగాయల సంచీ దాని పక్కనే వేలాడుతోంది. సంచీ ముట్టుకోలేదు. ముందుగదిలో మామయ్యగారూ, మా ఆయనా ఉన్నారు. వెనక గదిలో పిచ్చుక ఉంది.

"పడవ దగ్గరికి వెళ్తున్నాను" అన్నాను, అందరికీ వినపడేలా. "పనేం లేదు. కాసేపు కూర్చుని వస్తాను."

మా ఆయన, "వెళ్ళిరా, చినుకులు పడేలా ఉంది, గొడుగు తీసుకో" అన్నారు.

మూల దీపం కింద గంటసేపు కూర్చున్నాను. అనుకున్నంత హాయిగా ఏమీ లేదు. ఎవరూ పిలవకపోవడం వేరు, పిలిచేవాళ్ళు మానేయడం వేరు. లేచి దీపం ఆర్పాను. పిడి తిప్పాను. మెట్లెక్కాక వెనక్కి వచ్చి, పిడి మీద చెయ్యి వేసి మళ్ళీ చూసుకున్నాను.

ఇంటికొచ్చి తాళంచెవి మేకుకి తగిలించాను. పందొమ్మిదేళ్ళలో ఆ మాటకి జవాబు చెప్పడమే గానీ, నేనుగా ఎన్నడూ అనలేదు.

"ఆఫ్" అన్నాను.

మామయ్యగారు కుర్చీలో ఉన్నారు. నోరు తెరవబోయి, ఎందుకో ఆగారు. మా ఆయన పేపరు దించారు. గడియారం చప్పుడు ఎంతసేపు విన్నానో తెలియదు.

"విన్నాను వదినా" అంది పిచ్చుక, వెనక గదిలోంచి.